‘పిల్లల కోసం’ అన్నది తిట్టు కాదు

‘బ్యాట్‌మాన్: ది యానిమేటెడ్ సిరీస్’లో అన్నిటికంటే గొప్ప ఎపిసోడ్ ఏదని అడిగితే దాదాపు అందరూ ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అంటారు. అన్నిటికంటే చెత్తది ఏదంటే, కాస్త తటపటాయించి, ‘ఐవ్ గాట్ బ్యాట్‌మాన్ ఇన్ మై బేస్‌మెంట్’ అంటారు. రెండూ 1992 సెప్టెంబరులోనే వచ్చాయి. మొదటిది 7న, రెండోది 30న. ఒకే సిరీస్, ఒకే నెల, ఒకే బ్యాట్‌మాన్. ఈ తీర్పుతో నాకు పేచీ లేదు. ఎవరి స్థానంలో వాళ్ళు సరిగ్గానే కూర్చున్నారు. నా పేచీ అంతా ఆ తీర్పుకి చెప్పే కారణంతో.

ఆ కారణం మీరూ వినే ఉంటారు. మొదటిది ‘డార్క్’ కాబట్టి గొప్పదట. విషాదం ఉంది, భార్య పోయిన విలన్ ఉన్నాడు, అది పెద్దవాళ్ళ కథ. రెండోది చిన్నపిల్లల కథ కాబట్టి చెత్తదట. ఇంకొంచెం ముందుకెళ్తే మొత్తం సిరీస్‌కే ఇచ్చే కితాబు ఒకటుంది: “పేరుకే కార్టూన్ బ్రో, ఇది పిల్లలది కాదు.” ఈ వాక్యం నేను ఆఫీసు క్యాంటీన్లో విన్నాను, పుస్తకాల మీటింగుల తర్వాత టీ దగ్గర విన్నాను. కథ, కవిత్వం, అనువాదం అంటూ గంటలు మాట్లాడేవాళ్ళు కూడా కార్టూన్ దగ్గరికి వచ్చేసరికి ఈ సర్టిఫికెట్ బయటికి తీస్తారు. పిల్లలది కాదు అని రుజువైతే తప్ప మనకు నచ్చడానికి వీల్లేదన్నట్టు.

ఆ సిరీస్ పిల్లలదే. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. అమెరికాలో ఫాక్స్ కిడ్స్ అనే పిల్లల విభాగంలో, ఎక్కువగా బడి వదిలిన తర్వాతి వేళలో వచ్చింది. 1992 నుంచి 1995 దాకా 85 ఎపిసోడ్లు. ఒక్కోటి ఇరవై రెండు నిమిషాల చిల్లర. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ దీన్ని నిలబెట్టారు. రాడోమ్‌స్కీ మామూలుగా వాడే తెల్ల కాగితం పక్కన పెట్టేసి నల్ల కాగితం మీద వెలుగులు మాత్రమే గీయించాడు. అందుకే గోథమ్ నగరం చీకట్లోంచి తవ్వి తీసినట్టుంటుంది. కెవిన్ కాన్రాయ్ గొంతు, మార్క్ హామిల్ నవ్వు, షిర్లీ వాకర్ ఆర్కెస్ట్రా, ఇవన్నీ స్కూలు బ్యాగు ఓ మూల పడేసి పాలగ్లాసు పట్టుకుని కూచున్న పిల్లల కోసం పడ్డ శ్రమ. అంత శ్రమ పిల్లల కోసం పడ్డారని ఒప్పుకోవడం మనకెందుకు ఇంత కష్టంగా ఉంది?

సరే, ‘హార్ట్ ఆఫ్ ఐస్’ దగ్గరికి వద్దాం. పాల్ డీని రాశాడు, బ్రూస్ టిమ్ స్వయంగా దర్శకత్వం వహించాడు. రచనకి డేటైమ్ ఎమ్మీ వచ్చింది. విక్టర్ ఫ్రైస్ అనే శాస్త్రవేత్త. జబ్బుతో ఉన్న భార్య నోరాని మందు దొరికేదాకా గడ్డకట్టించి కాపాడుకుంటున్నాడు. అతను పనిచేసే గోథ్‌కార్ప్ కంపెనీ అధిపతి ఫెరిస్ బాయిల్ ఇది కంపెనీ డబ్బు దండగ అని సెక్యూరిటీతో వచ్చి యంత్రం ఆపమంటాడు. అడ్డుపడ్డ ఫ్రైస్‌ని రసాయనాల మీదికి తంతాడు. అప్పటినుంచి ఫ్రైస్ మంచు చలిలో తప్ప బతకలేడు. మిస్టర్ ఫ్రీజ్ అవుతాడు. ఇప్పుడు బాయిల్‌కి ఏదో మానవతా పురస్కారం ఇస్తున్నారు, ఫ్రీజ్ అక్కడికి బయల్దేరాడు.

ఇందులో ‘డార్క్’ ఎంత? నిజంగా లెక్కపెట్టి చూడండి. ఈ ఎపిసోడ్లో బ్యాట్‌మాన్‌కి జలుబు చేస్తుంది. తుమ్ముతుంటాడు. ఆల్‌ఫ్రెడ్ ఫ్లాస్కులో చికెన్ సూప్ పోసిస్తాడు. చివరికి మిస్టర్ ఫ్రీజ్‌ని ఓడించింది ఏ ఆయుధమో కాదు, ఆ సూప్ ఫ్లాస్కే. వేడి సూప్ తగిలి గాజు హెల్మెట్ పగిలిపోతుంది. ఇది మా అమ్మమ్మ చెప్పే కథల లెక్క. మొదట్లో ఎవరూ పట్టించుకోని చిన్న వస్తువు చివర్లో రాక్షసుణ్ణి పడగొడుతుంది. విలన్ దేవుడిలా పూజించేది గాజుబుడ్డిలో తిరిగే నాట్యకత్తె బొమ్మని. మంచు మనిషికి మంచు కన్నీళ్ళు. చెడ్డవాడు చెడ్డవాడని మొదటి చూపులోనే తెలుస్తుంది, గోథ్‌కార్ప్ తనని తాను ‘మనుషుల కంపెనీ’ అని పిలుచుకుంటుంది కాబట్టి. (అప్రైజల్ మీటింగులో “మీరే మా ఆస్తి” అని విన్న వాళ్ళెవరికైనా ఆ జోకు పడుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. రెండోసారి నా ప్రాజెక్టుకి బడ్జెట్ ఆపేసిన వారంలో చూశాను, నవ్వు రాలేదు.)

పిల్లాడికి అర్థం కానిది ఇందులో ఒక్క ఫ్రేము కూడా లేదు. పిల్లాడికి అర్థమవుతుందని నమ్మి రాసిన కథ ఇది. ఆ నమ్మకమే దీని గొప్పతనం. మైకేల్ అన్సారా ఫ్రీజ్ గొంతుని ఎత్తూ పల్లమూ లేకుండా, ఏడుపంతా గడ్డకట్టిపోయినట్టు పలుకుతాడు. ఇక్కడ బాధపడాలి అని సంగీతం మన చెయ్యి పట్టుకుని చెప్పదు. బ్యాట్‌మాన్ ఆ పాత వీడియో టేపు చూస్తాడు, నోరా దగ్గర ఏం జరిగిందో తెలుసుకుంటాడు, అంతే. ఫ్రీజ్‌ని ఆపుతాడు, టేపు తీసుకెళ్ళి విలేకరి చేతిలో పెడతాడు. ఇద్దరు నేరస్థులకీ న్యాయం జరిగింది. ఒకడి విషయంలో మాత్రం మనకి సంతోషం లేదు. ఇంత చిక్కు ఎనిమిదేళ్ళ వాడి ముందు పెట్టి, వివరించకుండా వదిలేశారు.

దీన్ని ‘విషాదం ఉంది కాబట్టి గొప్పది’ అనేవాళ్ళకి ఒక చిన్న ప్రశ్న. 1997లో వచ్చిన ‘బ్యాట్‌మాన్ అండ్ రాబిన్’ సినిమాలో కూడా మిస్టర్ ఫ్రీజ్ ఉన్నాడు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వేశాడు. ఈ ఎపిసోడ్ పుట్టించిన గడ్డకట్టిన భార్య కథనే ఆ సినిమా తీసుకుంది. అదే నోరా, అదే జబ్బు, అదే గాజు పెట్టె. ఎవరైనా ఏడ్చారా? విషాదం అనే ముడిసరుకే ఎపిసోడ్‌ని నిలబెట్టి ఉంటే సినిమా కూడా నిలబడాలి కదా. అందులో మంచు మీద జోకుల తర్వాత జోకులు పేలుస్తుంటే పక్కన నోరా షోకేసులో పెట్టిన బొమ్మలా ఉంటుంది. ముడిసరుకు ఒకటే, ప్రేక్షకుడి మీద ఉన్న గౌరవం వేరు.

ఇప్పుడు బేస్‌మెంట్. పెంగ్విన్ విషవాయువు వల్ల బ్యాట్‌మాన్ స్పృహ తప్పుతాడు. షెర్మన్ అనే కుర్రాడు, డిటెక్టివ్ పిచ్చి ఉన్నవాడు, స్నేహితురాలు రాబర్టాతో కలిసి బ్యాట్‌మాన్‌ని బ్యాట్‌మొబైల్లోనే ఇంటికి తీసుకొచ్చి నేలమాళిగలో దాస్తాడు. పెంగ్విన్ ముఠా ఇంటి మీదికి వస్తుంది. పిల్లలు ఇంట్లో వస్తువులతో వాళ్ళని ముప్పుతిప్పలు పెడతారు. బ్యాట్‌మాన్ లేచి స్క్రూడ్రైవర్ పట్టుకుని పెంగ్విన్ గొడుగుతో కత్తియుద్ధం చేస్తాడు. సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన టిమ్‌కి కూడా ఈ ఎపిసోడ్ అంటే పడదు, ఆ సంగతి ఆయన దాచుకోలేదు.

చెత్తగా ఉంది, ఒప్పుకుంటాను. ఎందుకు చెత్తగా ఉందన్నది ఓపిగ్గా చూడాలి. పిల్లలు ఉన్నారని కాదు. ఆ పిల్లలు పిల్లల్లా లేరు. షెర్మన్‌కి భయం లేదు. ఇంట్లో స్పృహలేని మనిషి పడి ఉన్నాడు, బయట హంతకుడు తిరుగుతున్నాడు. తొమ్మిదీ పదేళ్ళ వాడికి ఆ క్షణంలో ఏమనిపిస్తుంది? అమ్మకి చెప్పాలా వద్దా? ఈయన చచ్చిపోతే తప్పు నాదా? ఇవేవీ వాడిని తాకవు. 1990లో వచ్చిన ‘హోమ్ అలోన్’ ఎలాగూ గుర్తొస్తుంది. దాన్ని కాపీ కొట్టారన్న ఫిర్యాదు నాది కాదు, సగమే కాపీ కొట్టారని నా ఫిర్యాదు. అందులో కెవిన్ తన కుటుంబం మాయమైపోవాలని కోరుకున్నాడు, పొద్దున లేచేసరికి నిజంగానే ఎవరూ లేరు. నా కోరిక వల్లే ఇలా అయింది అన్న భయం పిల్లలకు మాత్రమే తెలిసిన భయం. ఆ భయం ఉంది కాబట్టి మెట్ల మీద పెయింటు డబ్బాలు ఊగుతుంటే నవ్వొస్తుంది. బేస్‌మెంట్ ఎపిసోడ్ డబ్బాలు తెచ్చుకుంది, భయాన్ని అక్కడే వదిలేసింది.

దీని వెనకున్న ఆలోచన ఊహించడం కష్టం కాదు. పిల్లలు చూస్తున్నారు, కాబట్టి తెర మీద పిల్లల్ని పెడితే వాళ్ళకి నచ్చుతుంది. బ్యాట్‌మాన్‌ని చూసే పిల్లాడు బ్యాట్‌మాన్ అవ్వాలనుకుంటాడు, బ్యాట్‌మాన్‌కి మందు మింగించే పక్కింటి కుర్రాడు అవ్వాలనుకోడు. పిల్లల గురించి పెద్దవాళ్ళకుండే తేలిక భావమే ఈ ఎపిసోడ్‌ని ముంచింది. “ఇది పిల్లలది, వదిలెయ్” అని కొట్టిపారేసే విమర్శకుడిదీ అదే తేలిక భావం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎపిసోడ్ తప్పునీ దాన్ని తిట్టేవాళ్ళ తప్పునీ పక్కపక్కన పెడితే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి.

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. కిందటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఉన్నప్పుడు ఈ రెండూ వాడికి చూపించాను. ఏది గొప్పది, ఏది చెత్తది అని ముందు చెప్పలేదు. బేస్‌మెంట్ ఎపిసోడ్ సగంలో వాడు సోఫా మీద తలకిందులుగా పడుకుని కాళ్ళతో గోడని తన్నడం మొదలుపెట్టాడు. ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అయ్యాక కదల్లేదు. కాసేపాగి, “మావయ్యా, ఆమె చచ్చిపోయినట్టా, కాదా?” అన్నాడు. నేనేం చెప్పను? ఎపిసోడ్ చెప్పదు. మిషను ఆపమనడం చూపించి, ఫ్రీజ్ దుఃఖం చూపించి ఊరుకుంటుంది. “నీకేమనిపించింది?” అన్నాను. “ఆయనకి కూడా తెలీదేమో” అన్నాడు. ఒక్క పిల్లాణ్ణి పట్టుకుని సిద్ధాంతం కట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఆ ఎపిసోడ్ మీద నేను చదివిన పెద్దపెద్ద వ్యాసాల్లో ఈ మాట ఎక్కడా తగల్లేదు.

మధ్యలో ఒక చిక్కు తీసేయాలి. ఎపిసోడ్లకి మార్కులేసే ఎర్ర పచ్చ గళ్ళ పట్టికలు ఉంటాయి కదా, వాటిలో కథకి పడ్డ మార్కులూ బొమ్మకి పడ్డ మార్కులూ కలిసిపోతాయి. దీనికి మంచి ఉదాహరణ ‘ఫీట్ ఆఫ్ క్లే’. క్లేఫేస్ అనే మట్టిమనిషి పుట్టుక, రెండు భాగాల కథ, 1992 సెప్టెంబరు 8న ఒకటి, 9న ఇంకొకటి. మొదటి భాగం బొమ్మలు కొరియాలోని ఎకామ్ స్టూడియో గీసింది, రెండో భాగం జపాన్‌లోని టీఎంఎస్. కథ ఒకటే, పాత్రలు అవే. మొదటి దాంట్లో ముఖాలు షాట్ షాట్‌కీ మారిపోతుంటాయి. రెండో దాంట్లో, టీవీ తెరల ముందు ఆ మనిషి కరిగి, తను వేసిన పాత్రలన్నిటిలోకీ వరసగా మారుతూ కూలిపోయే దృశ్యం ఉంది. చేత్తో గీసిన టీవీ యానిమేషన్లో అంతకంటే గొప్పది నేను చూళ్ళేదు. స్టోరీబోర్డు ఒక దేశంలో, గీత ఇంకో దేశంలో. ఏదైనా తేడా వస్తే ఆఫ్‌షోర్ టీమ్ మీద పడటం నాకు తెలిసిన ప్రపంచమే. ఆ గడువులూ ఆ రేట్లూ ఎలా ఉంటాయో ఊహించగలను, అందుకే ఎకామ్‌ని తిట్టడానికి నోరు రాదు. నేననేది ఇంతే, కథ బాగోలేదని చెప్పేటప్పుడు కథ గురించి చెప్పండి. బొమ్మ వంకరగా ఉందని కథకి సున్నా వెయ్యొద్దు.

బేస్‌మెంట్ తప్పంతా పిల్లల మీదికి తోసేవాళ్ళు ‘రాబిన్స్ రెకనింగ్’ని ఏం చేస్తారు? రెండు భాగాల ఆ కథకి నడుమ ఉన్నది చిన్నపిల్లాడే. సర్కస్ పిల్లాడు డిక్ గ్రేసన్ కళ్ళముందే తల్లిదండ్రులు ఊయల మీంచి పడిపోతారు. పడటం చూపించరు. తెగిన తాడు ఒక్కటే ఖాళీగా వెనక్కి ఊగుతూ వస్తుంది. తర్వాత బ్రూస్ ఆ పిల్లాణ్ణి ఇంటికి తెచ్చుకుంటాడు, రాత్రిళ్ళు హంతకుడి వేటలో పడి పిల్లాడు ఇంట్లో ఒంటరిగా ఉన్నాడని మర్చిపోతాడు. ఈ నొప్పి ఎప్పటికైనా పోతుందా అని పిల్లాడు అడిగితే, పోతుందని అబద్ధం చెప్పడు. ప్రైమ్‌టైమ్ ఎమ్మీ వచ్చింది దీని మొదటి భాగానికే. దీన్ని ‘చిన్నపిల్లల ఎపిసోడ్’ అని ఎవరూ అనరు. బాగుంటే పెద్దవాళ్ళ ఖాతాలో, బాగోకపోతే పిల్లల ఖాతాలో. భలే జమాఖర్చు.

ఈ గొడవకి ఆ సిరీసే ముప్పై ఏళ్ళ కిందట జవాబు చెప్పింది. 1992 నవంబరు 4న వచ్చిన ‘బివేర్ ద గ్రే గోస్ట్’. బ్రూస్ వేన్ చిన్నప్పుడు తండ్రి పక్కన కూచుని చూసిన టీవీ హీరో గ్రే గోస్ట్. ఆ వేషం వేసిన నటుడు సైమన్ ట్రెంట్ ఇప్పుడు పనిలేక, అద్దె కట్టలేక, తన పాత సామాన్లు అమ్ముకుంటున్నాడు. ఆ పాత సీరియల్లో జరిగినట్టే ఇప్పుడు నగరంలో బాంబులు పేలుతుంటాయి. బ్యాట్‌మాన్ ట్రెంట్ సాయం కోరతాడు. ట్రెంట్‌కి గొంతిచ్చింది ఆడమ్ వెస్ట్, 1966 నాటి బ్యాట్‌మాన్ సీరియల్ హీరో. ఆ సీరియల్ రంగులూ తెరమీద పడే ‘పౌ’ ‘బామ్’ అక్షరాలూ గుర్తొస్తే చాలు, ‘సీరియస్’ బ్యాట్‌మాన్ అభిమానులు దశాబ్దాల పాటు తలదించుకునేవాళ్ళు. చిన్నపిల్లల వెక్కిరింపులా ఉందని దాన్ని కుటుంబంలోంచి వెలేశారు. నల్ల కాగితం మీద గీసిన ఈ సిరీస్ మాత్రం ఆయన్ని పిలిచి కుర్చీ వేసింది. మా బ్యాట్‌మాన్ కూడా ఇలాంటి సీరియల్ చూసే బ్యాట్‌మాన్ అయ్యాడు అంది.

ఇంకో సంగతి. 1959 నాటి కామిక్కులో ఆ మంచు విలన్ పేరు మిస్టర్ జీరో. మిస్టర్ ఫ్రీజ్ అని పేరు పెట్టింది ఆ 1966 సీరియలే. ‘పెద్దవాళ్ళ’ ఎపిసోడ్ అని మీరు నెత్తిన పెట్టుకునేదానికి నామకరణం చేసింది ‘పౌ బామ్’ వాళ్ళు.

మరి ఆ కథలో బాంబులు పెట్టిందెవరు? టెడ్ డైమర్. బొమ్మల దుకాణం నడిపేవాడు, బొమ్మలు పోగేసేవాడు. ఇంకా బొమ్మలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని రిమోట్ బొమ్మకార్లలో బాంబులు పెట్టి ఊరిని బెదిరిస్తాడు. ఆ పాత్రకి గొంతిచ్చింది బ్రూస్ టిమ్ తానే, ముఖం కూడా ఆయనదే. పిల్లల వస్తువుని పిల్లల చేతిలోంచి లాక్కుని అద్దాల బీరువాలో పెట్టుకున్న పెద్దమనిషిని విలన్ చేసి, ఆ విలన్ మేమే కావచ్చు అని తమ మీదే వేసుకున్నారు. “ఇది పిల్లలది కాదు బ్రో” అనే మిత్రులు ఈ ఎపిసోడ్‌ని కూడా టాప్ టెన్‌లో పెడతారు. డైమర్‌ని చూసి ఎవరు గుర్తొచ్చారో ఒక్కరూ చెప్పరు.

చందమామ చదివి పెరిగామని గర్వంగా చెప్పుకునే భాష మనది. ఆ గర్వం జ్ఞాపకాల వ్యాసాలకే సరిపోతోంది. ఇవాళ ఎవరైనా పిల్లల కథ రాస్తే దాన్ని కూచుని వాక్యం వాక్యం చదివి విమర్శించేవాళ్ళెంతమంది? “పిల్లలకి బాగుంటుంది” అని ఒక వాక్యంతో పంపించేస్తాం. అది మెచ్చుకోలు కాదు, తప్పించుకోవడం. బాగోలేని పిల్లల పుస్తకాన్ని బాగోలేదని ఎందుకో చెప్పే ఓపిక మనకుంటే, బేస్‌మెంట్ లాంటివి రాసేవాళ్ళకి కనీసం దేనికి తిట్లు పడ్డాయో తెలుస్తుంది.

అందుకే ఎవరైనా “స్కిప్ చెయ్యాల్సిన ఎపిసోడ్ల లిస్టు ఇవ్వు” అంటే నేను ఇవ్వను. ముందు బేస్‌మెంట్, వెంటనే ‘హార్ట్ ఆఫ్ ఐస్’, ఈ వరసలో చూడమంటాను. మొత్తం నలభై అయిదు నిమిషాలు కూడా పట్టదు. వీలైతే పక్కన ఒక పిల్లాడినో పిల్లనో కూచోబెట్టుకోండి, ఎక్కడ గోడని తన్నడం మొదలుపెడతారో గమనించండి.

నోరా సంగతి 1994లో ‘డీప్ ఫ్రీజ్’ అనే ఎపిసోడ్లో తేల్చేశారు. బతికే ఉంది, గాజు పెట్టెలో. అది మంచి పనా కాదా అన్నదాని మీద నాకో అభిప్రాయం ఉంది, కానీ మా వాడికి ఇంకా చూపించలేదు. దసరా సెలవులకి వస్తున్నాడు. ముందు వాణ్ణి చెప్పనివ్వాలి.